చీకటికి ఫొటోలు తీస్తున్నా!

"నడిరాత్రి మిద్దె మీద నీకేం పని?" అని మా గుడిబండలో నన్ను అడగనివాళ్లు లేరు. ఆకాశంలో దుమ్ముకు ఫొటోలు తీస్తున్నానంటే మరీ నవ్వుతారు. ఇంట్లో దుమ్ము దులపలేక చస్తుంటే పైనున్న దుమ్ము కూడానా!

అది మామూలు దుమ్ము కాదండీ. చుక్కల మధ్య పరుచుకున్న ధూళి మేఘాలు. నెబ్యులాలంటారు. కొన్ని పక్కనున్న నక్షత్రాల వెలుగుతో నీలంగా మెరుస్తాయి, కొన్ని వెనకున్న వెలుగును కమ్మేసి నల్లగా కనిపిస్తాయి. కార్తీకంలో మనం చూసే కృత్తికల చుట్టూ ఇలాంటి నీలి పొరే ఉంది. కంటికి ఆనదు, కెమెరాకు చిక్కుతుంది. కార్తీక పౌర్ణమికి మాత్రం చంద్రుడు వాటి దగ్గరే ఉంటాడు, లాభం లేదు. అమావాస్య దాకా ఆగాల్సిందే.

ఒక్క క్లిక్కుతో అయ్యే పని కాదు. భూమి తిరుగుతుంటుంది గనుక చుక్కలు గీతలైపోతాయి. అందుకే కెమెరాను వాటి వెంట మెల్లగా తిప్పే చిన్న మోటారు కావాలి. నిమిషానికొకటి చొప్పున వంద ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేరిస్తే, చిలికిన మజ్జిగలో వెన్నలా ధూళి పైకి తేలుతుంది.

ఈ పని ఆడవాళ్లకు కొత్తేం కాదు. విలియమినా ఫ్లెమింగ్‌ను కడుపుతో ఉండగా భర్త వదిలేశాడు. అమెరికాలో హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్ పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరింది. తర్వాత ఆ అబ్జర్వేటరీలోనే ఉద్యోగం. 1888లో తీసిన ఓ గాజు పలకపై గుర్రం తలలాంటి నల్లటి నెబ్యులాను పసిగట్టింది ఆమే. 1895 నాటి కేటలాగులో వేసిందేమో పికరింగ్ పేరు!

మన హైదరాబాదులో పెరిగిన వైను బప్పు 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఓ తోకచుక్కను కనిపెట్టారు. దాని పేరు బప్పు-బాక్-న్యూకిర్క్. ఆ బాక్ 1947లో ఎడిత్ రైలీ అనే ఆమెతో కలిసి చిన్న నల్లటి ధూళి ముద్దల గురించి రాశారు. అందులో నక్షత్రాలు పుడుతుండొచ్చని వాళ్ల ఊహ. 1990లో అది నిజమేనని తేలింది. ఆ ముద్దల్ని ఇప్పుడు 'బాక్ గ్లోబ్యూల్స్' అంటారు. మరి రైలీ పేరేదీ?

ఇక చీకటి సంగతి. పట్నాల్లో మిద్దెక్కితే నాలుగు చుక్కలు కనిపించడమే గగనం. మా ఊళ్లో ఇంకా కాస్త మిగిలింది. అలాగని వీధి దీపాలు వద్దనను, రాత్రిళ్లు ఆడవాళ్లు బయటికి రావాలంటే అవి ఉండి తీరాలి. కాకపోతే ఆ వెలుగు ఆకాశానికెందుకు? పైన ఓ రేకు డొప్ప పెడితే ఆ వెలుతురంతా నేల మీదే పడుతుంది.