విహారయాత్రలో పసివాడి విస్తరి

పసిబిడ్డను చంకనెత్తుకొని ఊరు విడిచి వెళ్ళడం మన పెద్దలకు కొత్త కాదు. జగ్గయ్యపేట, నందిగామ పరిసర గ్రామాల వారు బండ్లు కట్టుకొని పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు వెళ్ళేవారు. మునేటి ఒడ్డున చెట్టు నీడలో మూడు రాళ్ళు పేర్చి, పొంగలి వండి, అమ్మవారికి నివేదించిన వెంటనే తొలి ముద్ద పసిపిల్లల నోటికి అందించేవారు. పెద్దల విస్తళ్ళు ఆ తరువాతనే పడేవి. ఊరు మారినా, నీరు మారినా, పసివాడి ఆకలి వేళ మాత్రం మారేది కాదు.

నేడు బండి స్థానంలో కారు వచ్చింది. తిరునాళ్ళతోపాటు విహార వనాలు వచ్చాయి. విజయవాడ–హైదరాబాదు జాతీయ రహదారి మీద, ఇంకా హైదరాబాదు చేరకముందే, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వెలసింది. 1,666 ఎకరాలలో విస్తరించి, ప్రపంచంలోనే అతి పెద్ద చలనచిత్ర నిర్మాణ సముదాయంగా గిన్నిస్ గ్రంథానికెక్కిన ఆ నగరంలో సితార, తార అనే హోటళ్ళు కూడా ఉన్నాయి. 2016లో హైదరాబాదు శివార్లలోని రావిర్యాల వద్ద వండర్‌లా ప్రారంభమైంది. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోకి మారిన మన మెట్ట ప్రాంతపు కుటుంబాలకు ఇవి మూడు నాలుగు గంటల ప్రయాణ దూరంలోనే ఉన్నాయి. వేసవి సెలవులు రాగానే రెండు రోజులు అక్కడ గడిపి రావాలన్న కోరిక సహజమే, తప్పేమీ లేదు. అయితే ఆ రెండు రోజులూ ఇంటిలోని అతి చిన్న సభ్యుడు ఏ వేళకు, ఏమి తింటున్నాడన్న విచారణ మాత్రం చాలామందికి ఉండటం లేదు.

ఒక అనుభవం

కొన్ని సంవత్సరాల క్రితం మే నెలలో, నందిగామకు చెందిన ఒక యువ దంపతులు ఏడాదిన్నర వయసున్న కుమారునితో మా వైద్యశాలకు వచ్చారు. ఒక విహార కేంద్రంలో రెండు రోజులుండి తిరిగి వస్తున్నారు. అది ఏ కేంద్రమన్నది ఇక్కడ అప్రస్తుతం. లోపం వండినవారిదని చెప్పడానికీ ఆధారం లేదు.

"ఏమి పెట్టారమ్మా?" అని అడిగాను.

"మేమేమీ పెట్టలేదండీ డాక్టరుగారూ! అన్నీ వాడే అడిగి తిన్నాడు" అన్నది ఆ తల్లి.

వివరంగా అడిగితే సంగతి తెలిసింది. ఇంటివద్ద ఆ పిల్లవాడు పన్నెండు గంటలకు పప్పన్నం తిని నిద్రపోతాడు. ఆ రోజు పన్నెండు గంటలకు వారంతా రంగులరాట్నం వద్ద వరుసలో నిలబడి ఉన్నారు. ఏడుపు మాన్పడానికి బిస్కట్లు, ఐసు వేసిన పండ్లరసం ఇచ్చారు. మూడు గంటలకు భోజనశాలకు వెళితే వాడు ముద్ద ముట్టలేదు. రాత్రి తొమ్మిదింటికి బఫే వద్ద, నిద్రమత్తులో ఉన్నవానికి కేకు, ఐస్‌క్రీము, పాలల్లో కలిపిన పండ్లముక్కలు దక్కాయి. మరునాటి ఉదయం నుండి వాంతులు, విరేచనాలు. తిరుగుదారిలో ఒక దుకాణంలో శక్తినిచ్చే పానీయమని పెట్టెలో అమ్మే తీపినీరు కొని తాగించారు.

నేను చూసేసరికి వాడి కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీరు లేదు. ఉదయం నుండి మూత్రం లేదు. పొట్టమీది చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోలేదు. నేను మందుల పెట్టె తెరవలేదు. "ఇది చూర్ణాలతో ఆగవలసిన సమయం కాదు నాయనా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి సెలైను పెట్టించండి" అని పంపాను. మూడవ నాటికి కోలుకున్నాడు. మరి రెండు మూడు గంటలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం వేస్తుంది.

ఆ బిడ్డ చేత కూడనివి తినిపించింది మొదట ఆకలి వేళ తప్పడమే. అందుకే ఈ వ్యాసం.

శాస్త్రం ఏమంటున్నది?

సుశ్రుతాచార్యుడు బాల్యాన్ని ఆహారాన్నిబట్టి మూడు దశలుగా విభజించాడు. ఏడాది వరకు పాలు తాగే దశ. రెండేళ్ళ వరకు పాలు, అన్నము రెండూ తీసుకొనే దశ. ఆపైన అన్నం తినే దశ. ఏడాది నుండి మూడేళ్ళలోపు పిల్లలు, అంటే మనం విహారయాత్రలకు వెంటబెట్టుకు పోయే ఈ చిన్నారులు, ఒక దశ నుండి మరొక దశకు మారుతున్నవారు. బాల్యంలో కఫం ప్రధానంగా ఉంటుందని, జీర్ణశక్తి సుకుమారంగా ఉంటుందని ఆయుర్వేదం చెబుతుంది. చల్లనివి, అతిగా తీపివి, మీగడతో చేసినవి వారికి బరువు కావడానికి కారణమిదే.

చరక సంహిత విమానస్థానంలో ఆహారాన్ని నిర్ణయించే అంశాలను ఎనిమిదిగా చెప్పారు: పదార్థ స్వభావం, వండిన విధానం, కలయిక, పరిమాణం, ప్రదేశం, కాలం, తినే నియమాలు, తినేవాని స్థితి. విడిదిలో మొదటి రెండూ వంటవాని చేతిలో ఉంటాయి. ప్రదేశాన్ని మనమే ఎంచుకున్నాం. మిగిలిన ఐదూ తల్లిదండ్రుల చేతిలోనే ఉన్నాయి. వాటిలో కాలాన్ని సరిదిద్దుకుంటే తక్కినవి సగం వాటంతట అవే సర్దుకుంటాయి. సరైన వేళ ఆకలిగా ఉన్న పిల్లవాడు పెరుగన్నం కూడా ఇష్టంగా తింటాడు. వేళ తప్పి అలసిన పిల్లవాడు తీపిని తప్ప మరి దేనిని ముట్టడు.

వేళ తప్పనీయకండి

మన ప్రాంతపు వేసవి ఎండ అందరికీ తెలిసినదే. కనుక తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది. కారు ఎక్కే ముందు పసివానికి కడుపునిండా పెట్టరాదు. ఒక ఇడ్లీ లేదా కొద్దిగా జావ చాలు. దారిలో కోదాడలోనో, సూర్యాపేటలోనో ఆగి, వేడివేడి ఇడ్లీ మరొకటి తినిపించవచ్చు. ఆవిరి మీద ఉడికి, అప్పుడే దిగిన ఇడ్లీని మించిన ప్రయాణపు ఆహారం పిల్లలకు లేదు. చట్నీ బదులు నెయ్యి రాయండి.

విడిదిలో దిగగానే భోజనశాల ఏ వేళకు తెరుస్తారో అడిగి తెలుసుకోండి. తెరిచిన తొలి గడియలోనే పిల్లవానితో వెళ్ళండి. అప్పుడు పదార్థాలు పొయ్యి మీది నుండి వచ్చినవై ఉంటాయి, రద్దీ ఉండదు, పిల్లల కుర్చీ దొరుకుతుంది. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచరాదని, వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆహారం వేడిగా ఉండగానే భుజించాలన్న చరకుని నియమం కూడా ఇదే.

రాత్రి బఫే ఆలస్యమయ్యే పక్షంలో, సాయంత్రం ఆరున్నరకే గదికి పప్పు, అన్నం, పెరుగు తెప్పించండి. "కారం లేకుండా, ఇప్పుడే వండినది, పసిపిల్లవానికండీ" అని మర్యాదగా చెబితే కాదనే వంటవారు అరుదు. వాడు తిని పడుకున్న తరువాత పెద్దలు ఒకరి తరువాత ఒకరు వెళ్ళి భోజనం చేయవచ్చు. అందరూ కలిసి తినాలన్న ముచ్చట తీరదనుకుంటే ఆ ముచ్చటను ఉదయపు ఫలహారానికి దాచుకోండి. ఆ వేళ పసివాడే అందరికంటె ఉత్సాహంగా ఉంటాడు.

బల్ల మీద ఏది ఎంచుకోవాలి?

అన్నం, పప్పు, ఇడ్లీ, మెత్తటి చపాతీ, ఉడికిన కూర, పెరుగు, మన చేతితో ఒలిచిన అరటిపండు: ఇవి చాలు. ఒకే పూట నాలుగు రుచులు చాలు, నలభై అక్కరలేదు. పరిమాణం విషయంలో చరకుడు కడుపును మూడు భాగాలుగా ఊహించి, ఒకటి అన్నానికి, ఒకటి ద్రవాలకు, ఒకటి వాత పిత్త కఫాల సంచారానికి విడువమన్నాడు. తల తిప్పుకున్న పిల్లవానికి "ఇంకొక్క ముద్ద నాన్నా" అని బలవంతం చేయకండి. చరవాణిలో బొమ్మలు చూపుతూ తినిపించడం, మనసు పెట్టి భుజించాలన్న నియమానికి విరుద్ధం.

చేపలతో పాలు, పుల్లని పండ్లతో పాలు కలపడాన్ని ఆయుర్వేదం విరుద్ధాహారంగా పరిగణించింది. చేపల వేపుడు, వెంటనే ఐస్‌క్రీము అనే అలవాటును పసివారి విషయంలో మానడం ఉత్తమం. ఆధునిక వైద్యం దీనిని విషమని చెప్పదు. అయినా కొత్త చోట, అలసిన కడుపుకు ఒక బరువు తగ్గించడంలో నష్టమేమీ లేదు.

తప్పక విడువవలసినవి కొన్ని ఉన్నాయి. కోసి ఉంచిన పండ్లముక్కలు, పచ్చి కూరగాయల ముక్కలు, ఐసు వేసిన రసాలు వద్దు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుండి ఏడాది పాటు నిషేధించవలసి వచ్చిందంటే దాని ప్రమాదం గ్రహించవచ్చు. పిల్లలను ఆకర్షించే గులాబీ రంగు పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే, బట్టలకు వాడే రంగు బయటపడగా, 2024 ఫిబ్రవరిలో తమిళనాడు దానిని నిషేధించింది. వేరుసెనగ గుళ్ళు, పాప్‌కార్న్, కోయని ద్రాక్షపండ్లు నాలుగేళ్ళలోపు పిల్లలకు గొంతుకు అడ్డుపడగలవు. ద్రాక్షను నిలువుగా చీల్చి ఇవ్వండి. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించడం ఎక్కడా, ఎప్పుడూ తగదు.

వెంట ఉండవలసిన సంచి

ఒక స్టీలు గిన్నె, చెంచా, సబ్బు, చిన్న తువ్వాలు, ఇంటివద్ద కాచి చల్లార్చిన నీరు. వీటితోపాటు ఏడాది దాటిన పిల్లల కోసం ఈ పొడిని సిద్ధం చేసుకోండి:

అటుకులు 1 కప్పు, పుట్నాలపప్పు పావు కప్పు, జీలకర్ర అర చెంచా. వేటికవి సన్నని సెగపై దోరగా వేయించి, చల్లారిన తరువాత మెత్తగా పొడి చేసి, తడిలేని డబ్బాలో ఉంచాలి. అవసరమైనప్పుడు 2 చెంచాల పొడిని గిన్నెలో వేసి, అర గ్లాసు మరిగే నీరు పోసి, ఉండలు లేకుండా కలిపి, 5 నిమిషాలు మూత పెట్టాలి. గోరువెచ్చనయ్యాక కొద్దిగా నెయ్యి, చిటికెడు ఉప్పు చేర్చి తినిపించాలి. గదిలో నీరు కాచే కెటిల్ ఉంటే చాలు. వరుసలో నిలబడవలసి వచ్చినా ఫ్లాస్కులోని వేడినీటితో పసివాని భోజనం వేళకే సిద్ధమవుతుంది.

కడుపు ఉబ్బరంగా ఉంటే పావు చెంచా జీలకర్రను ఒక గ్లాసు నీటిలో మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా రెండు మూడు చెంచాలు పట్టవచ్చు.

విరేచనాలు పట్టుకుంటే

మొదట చేయవలసినది నీరు నిలపడం. 1971లో బంగాళంలోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణంతో అతిసార రోగులనెందరినో బతికించి లోకానికి దారి చూపారు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు మీ సంచిలో ఉండాలి. పొట్లం మీద ఎంత నీటికి అని రాసి ఉంటే అంత నీటిలోనే మొత్తం పొడిని కలపాలి. ప్రతి విరేచనానికి రెండేళ్ళలోపు పిల్లలకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసువారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలాగి మరల మెల్లగా మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపరాదు. తీపి పానీయాలు దీనికి ప్రత్యామ్నాయం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారుకాని పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడరాదని మన ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కనుక డబ్బా మీద రాసినది చదివి, మందుల దుకాణంలోనే కొనండి.

దీనికి తోడుగా మన శాస్త్రం చెప్పిన లాజమండం చక్కని పథ్యం. గుప్పెడు వరిపేలాలను రెండు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించి, వడకట్టి, చిటికెడు సైంధవ లవణం కలిపి చెంచాలతో ఇవ్వాలి. విరేచనాలను బలవంతంగా కట్టించే మందులు పసివారికి స్వయంగా ఇవ్వరాదు.

మలంలో రక్తం, ఆగని వాంతులు, తీవ్ర జ్వరం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, లోతుకు పోయిన కళ్ళు, మగతగా పడి ఉండటం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం ఆపి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. ఇంటికి పోయిన తరువాత చూద్దామనుకోకండి. దారిలో సూర్యాపేటలోను, కోదాడలోను ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

నేను చెప్పిన ఆ దంపతులు మరుసటి ఏడు మళ్ళీ విహారయాత్రకు వెళ్ళారు. బయలుదేరే ముందు వచ్చి, అటుకుల పొడి డబ్బాను నాకు చూపించి మరీ వెళ్ళారు. తిరిగి వచ్చాక ఆ తల్లి అన్నది: "ఈసారి మేము రెండు ఆటలు తక్కువ చూశామండీ. వాడు మాత్రం రెండు పూటలూ వేళకు తిన్నాడు."

మునేటి ఒడ్డున మన పెద్దలు పాటించినది కూడా ఇదే. ఎక్కడికి వెళ్ళినా మొదటి విస్తరి పసివానిది కావాలి. ఆ తరువాతనే మన విందు, మన వినోదం.