తుంగగడ్డా, మెదడులో కణితీ

వరిచేలో తుంగ పీకినవాళ్ళకు తెలుసు. పైన ఆకు తెగినంత మాత్రాన తుంగ చావదు. నేలలో గడ్డ ఉంటుంది, తడి తగలగానే మళ్ళీ లేస్తుంది. గ్లయోబ్లాస్టోమా గురించి చదువుతుంటే రైతుబిడ్డనైన నాకు ఆ తుంగే పదేపదే గుర్తుకొచ్చింది.

పెద్దవాళ్ళ మెదడులో పుట్టే కాన్సర్లలో ఇది మహా క్రూరమైనది. సర్జన్ వీలైనంత మేరా కోసి తీసేస్తాడు. తరువాత రేడియేషన్, దానితోబాటు టెమొజొలమైడ్ అనే మందు. 2005లో ప్రచురించిన ఒక పరీక్షలో 573 మంది రోగులున్నారు. ఒక్క రేడియేషన్ ఇచ్చినవారిలో సగం మంది 12.1 నెలలకే పోయారు. మందు కూడా కలిపితే ఆ గడువు 14.6 నెలలయింది. ఇంత శ్రమకు రెండున్నర నెలలేనా అనిపిస్తుంది. (రోగి ఇంట్లోవాళ్ళకు అవి చిన్నవి కావు, అది వేరే మాట.)

కణితి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలనీ, వాటిని ఆపితే కణితినీ ఆపవచ్చనీ జూడా ఫోక్‌మన్ అనే అమెరికన్ సర్జన్ 1971లోనే అన్నాడు. కాలువకు అడ్డకట్ట వేస్తే మడి ఎండదా? ఆ లెక్కనే బెవాసిజుమాబ్ అనే మందు వచ్చింది. 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో, కొత్తగా జబ్బు బయటపడ్డవారికి ఇచ్చి చూస్తే, ఆయుష్షు మాత్రం పెరగలేదు.

నా ఉద్దేశంలో, అందరూ కాలువలో నీళ్ళనే చూశారు, గట్టును చూడలేదు. రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియల్ కణాలు పరచుకుని ఉంటాయి. ఇవి ఊరికే గొట్టం కావు. కణితిని మళ్ళీ మొలిపించే మూలకణాలు ఈ గోడ పక్కనే చేరతాయనీ, గోడ కణాలు స్రవించే పదార్థాలే వాటిని కాపాడతాయనీ 2007లో తేలింది. రేడియేషన్‌తో తెగిన డీఎన్ఏను ఆ మూలకణాలు చురుగ్గా అతుక్కుంటాయని అంతకు ముందు ఏడే తెలిసింది. ఇవే మన తుంగగడ్డలు!

అంతటితో అయిపోలేదు. గోడ కణాలే రూపం మార్చుకుంటాయని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో చూపించారు. 'వింట్' అనే సంకేతం అందుకుని అవి మూలకణాల్లాంటివిగా మారతాయి. లోపలికి వచ్చిన మందును బయటికి తోడిపోసే ప్రోటీన్ ఒకటి తయారుచేసుకుంటాయి. ఇంక మందు వాటినేం చేస్తుంది? ఎలుకల్లో ఆ సంకేతాన్ని అడ్డుకుని టెమొజొలమైడ్ ఇస్తే కణితి తగ్గింది, ఎలుకలు ఎక్కువ రోజులు బతికాయి.

చిక్కల్లా ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్న మెదడులో నాళాల గోడ గట్టిగా నిలవడానికి కూడా ఈ వింట్ సంకేతమే కావాలి. కలుపుకు కొట్టే మందు చేను మీద పడకుండా కొట్టడం ఎలాగన్నదే ఇప్పుడు ప్రశ్న.