తిన్నామని క్లోమానికి ఎలా తెలుస్తుంది?

కోడేరులో ఓ అమ్మాయి జొన్నరొట్టె తిని బడికి బయలుదేరింది. కాసేపటికి ఆమె రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది, క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ వదులుతాయి. ఎలా?

గ్లూకోజ్ బీటా కణంలోకి చేరాక, దాని నుంచి మైటోకాండ్రియా ఏటీపీ అనే శక్తి అణువులను తయారుచేస్తుంది. ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఏటీపీ పెరగగానే కణపు పొరలో పొటాషియం దారులు మూసుకుంటాయి. దాంతో పొర విద్యుత్ స్థితి మారి, కాల్షియం దారులు తెరుచుకుంటాయి. కణం లోపలికన్నా బయట కాల్షియం దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. అందుకే అది లోపలికి తోసుకొస్తుంది. ఆ సంకేతం అందగానే ఇన్సులిన్ సంచులు పొరకు అతుక్కుని తెరుచుకుంటాయి.

కణం లోపలా ఒక కాల్షియం గిడ్డంగి ఉంది. అదే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. కొన్నిచోట్ల ఇది మైటోకాండ్రియాకు 10–30 నానోమీటర్ల దూరంలోనే ఉంటుంది.

ఎందుకంత దగ్గర? మైటోకాండ్రియాలోని కాల్షియం ద్వారం పనిచేయాలంటే దాని ముందు కాల్షియం బాగా చిక్కగా ఉండాలి. గిడ్డంగి కాల్షియాన్ని దూరంగా వదిలితే అది కణమంతా చెదిరి పలచబడుతుంది. పక్కనే వదిలితే నేరుగా లోపలికి వెళ్లి, ఏటీపీ తయారీని వేగవంతం చేస్తుంది. మోతాదు మించితే మాత్రం మైటోకాండ్రియా దెబ్బతిని కణమే చనిపోవచ్చు.