కొల్లేటి లంకలో 14 అంకెలు

2020 డిసెంబరు మొదటివారమున ఏలూరు వన్ టౌన్ ప్రాంతమునందు, అంతవఱకు ఆరోగ్యముగా తిరుగుచున్న మనుష్యులు ఉన్నట్టుండి నురుగు కక్కుచు మూర్ఛ వచ్చి పడిపోవుటయు, కొంతసేపటికి తేఱుకొని, ఏమి జరిగినదో తెలియక అయినవారి ముఖములు చూచుటయు ఆ పట్టణము మఱవదు. ఆఱువందలమందికి పైగా వ్యాధిగ్రస్తులైరి, ఒకరు మరణించిరి. ఢిల్లీ ఎయిమ్స్ వారు రోగుల రక్తమున సీసము, నికెలు కనుగొనిరి. పురుగుమందుల పైనను అనుమానము కలిగెను. ఈ రోగికి లోగడ మూర్ఛలుండెనా, ఏ మందులు వాడుచుండెను, ఏ నీరు త్రాగుచుండెను అను ప్రశ్నలకు సమాధానములు, ఇంటింటికి పోయి అడిగినగాని దొరకలేదు.

రోగి పూర్వవృత్తాంతము రోగి వెంటనే నడువవలెనను తలంపుతో 2021 సెప్టెంబరు 27న దేశమంతటను ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరంభమయ్యెను. దానిలో ప్రతి మనిషికి ఆభా అను 14 అంకెల సంఖ్య. అందఱి రోగములను ఢిల్లీలో నొక పెద్ద కంప్యూటరున పోగుచేయుదురని భయపడువారు కలరు. విధాన మట్టిది కాదు. ఏ ఆసుపత్రి వ్రాసిన వివరము ఆ ఆసుపత్రియందే నిలుచును. సంఖ్య వానిని గ్రుచ్చు దారము. ఏలూరు కాగితములను తాడేపల్లిగూడెము వైద్యుడు చూడగోరినచో, రోగి ఫోనుకు అనుమతి కోరుచు వార్త వచ్చును. ఏ కాగితములు, ఎన్నాళ్లు చూడవచ్చునో రోగియే నిర్ణయించును.

ఇది కొల్లేటి లంకలో ఎట్లు నడుచునో చూడుడు. చేపల చెఱువు గట్టు మీదుగా నడిచివచ్చిన నర్సమ్మ అరుగుపై కూర్చుండి, ముసలమ్మ దండకు బీపీ పట్టీ చుట్టి, "మాత్రలు వేసుకొంటున్నావా మామ్మా?" అని అడుగును. "తెల్లది అయిపోయిందమ్మా, పచ్చది ఉంది" అని ఆమె ప్లాస్టిక్ సంచి విప్పును. చెమ్మకు అంటుకొనిపోయిన చీటీలు, మడతలయందు చెరిగిన అక్షరములు. నర్సమ్మ ఈ-సంజీవని అను దూరవైద్యసేవ ద్వారా దూరముననున్న వైద్యునికి ఫోనులో ఆ సంచిని చూపును. ఉపకేంద్రములనుండి ఇట్టి దూరవైద్యమును 2019 నవంబరులో మొట్టమొదట ఆరంభించిన రాష్ట్రము మన ఆంధ్రప్రదేశమే. ఆ తెల్లమాత్ర పేరు ఒకమారు నమోదైనచో, కూతురింటికి తాడేపల్లిగూడెము పోయి అచ్చట జబ్బుపడినను, వైద్యుడు రంగును బట్టి ఊహింప నక్కఱలేదు.

చిక్కు వేఱొకచోట కలదు. ఆభా సంఖ్యకు ముడిపడిన ఫోను ఆ ముసలమ్మది కాదు. హైదరాబాదులో కొలువు చేయు కుమారునిది. అనుమతి కోరు వార్త అతనికి చేరును. ఆమె మంచముపై పడియుండగా, అతడు పనిలోనుండి చూచుకొనకపోవచ్చును. రోగియే కేంద్రమని చెప్పుకొను వ్యవస్థలో అధికారము ఫోను గలవాని చేతికి పోవుట, నా దృష్టిలో, యంత్రలోపముకన్న పెద్ద లోపము. నర్సమ్మ అరుగుపై కూర్చుండి అడిగిన ఆ ప్రశ్న ఏ యంత్రమును అడుగజాలదు. కనుక ఆమె నడిచివచ్చు రోజులను తగ్గించి తెరలను పెంచుట సంస్కరణ మనిపించుకొనదు.

పాఠకులారా, మీ యింటి వృద్ధులకు ఆభా సంఖ్య కలదేని, అది ఎవరి ఫోనుకు ముడిపడియున్నదో నేడే కనుగొనుడు. వారు వాడు మాత్రల పేర్లను తెలుగులో పెద్ద అక్షరములతో నొక కాగితమున వ్రాసి, వారి సంచిలో నుంచుడు.