టేకును గుర్తుపట్టటం ఎలా?

ఆదిలాబాదు అడవుల్లో టేకు చెట్టును గుర్తుపట్టటం సులభం. లేత ఆకు నలిపితే అరచెయ్యి ఎర్రబడుతుంది. కాని ఆ చెట్టు బల్లగా మారి దుకాణానికి వచ్చాక ఎలా?

రంగూ, పాలిషూ పూస్తే మామిడి చెక్క కూడా టేకులాగే మెరుస్తుంది. అందుచేత పాలిషు తగలని చోటు చూడాలి. బల్లను తిరగేస్తే అటువంటి చోటు దొరుకుతుంది.

టేకు చేవ బంగారు ఛాయ గల గోధుమరంగులో ఉంటుంది. తాకితే కాస్త జిడ్డుగా తోస్తుంది. కొత్తగా కోసినప్పుడు తోలు వాసన వస్తుంది. అడ్డంగా కోసిన కొనలో ఏటేటా పెరిగిన వలయాలు కనిపిస్తాయి. ప్రతి వలయం మొదట్లోనూ సన్నని రంధ్రాలు వరస తీరి ఉంటాయి. మామిడిలోనైతే అవి అంతటా చెదిరి ఉంటాయి. పాలిషు రంగును మార్చగలదు గాని, ఈ వరసను పుట్టించలేదు.

ఈ గుర్తులన్నీ కలిసి కనిపించినా, ఇంకొకటి చూడాలి. చెదను దూరంగా ఉంచే పదార్థాలు ముఖ్యంగా చేవలోనే ఉంటాయి. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కను చెద సులువుగా తినేస్తుంది. లేత చెట్లలో ఆ తెల్లచెక్కే ఎక్కువ. కనుక బల్ల కొనేటప్పుడు, "ఇది టేకేనా?" అని అడిగి ఊరుకోకండి. "దీనిలో చేవ ఎంత?" అని కూడా అడగండి!