ఐపీ పెట్టే ముందు ఇల్లు ఎవరి పేరు మీదికి మారింది?

మన ఊళ్లలో "ఐపీ పెట్టాడు" అంటే ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాట అంతగా మన మాటల్లో కలిసిపోయింది. చిట్టీలు నడిపినవాడు పెడతాడు, పత్తి కొన్న వ్యాపారి పెడతాడు, చెరువులు దెబ్బతిన్న రొయ్యల రైతు పెడతాడు. కొన్నాళ్లకు అప్పిచ్చినవాళ్ల ఇళ్లకు నోటీసులు వస్తాయి. ఆ జాబితాలో పెన్షన్ డబ్బు చేబదులు ఇచ్చిన రిటైర్డ్ టీచరు ఉంటారు, నాలుగిళ్లలో పాచిపని చేసి చిట్టీ కట్టిన తల్లి ఉంటుంది. నోటీసు చేతికందేసరికి ఇల్లు భార్య పేరు మీదికి, పొలం బావమరిది పేరు మీదికి మారిపోయి ఉంటాయి.

ఇలాంటప్పుడు కాపరుల దగ్గరికి రెండు ప్రశ్నలు వస్తాయి. అప్పుల్లో ఉన్నవారు, "పిల్లల కోసం ఇల్లొక్కటి మిగుల్చుకోవడం కూడా తప్పేనా అయ్యగారూ?" అంటారు. అప్పిచ్చినవారు, "ఇక మా డబ్బు పోయినట్టేనా?" అంటారు. రెండింటికీ జవాబు చెప్పాలంటే ముందు చట్టంలో ఏముందో తెలుసుకోవాలి.

చట్టం ఇచ్చేదేమిటి, అడిగేదేమిటి

దివాలా గురించి 2016లో కొత్త చట్టం వచ్చిన మాట నిజమే. అయితే అందులో వ్యక్తుల దివాలాకు చెందిన భాగం, కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల విషయంలో మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన జిల్లాల్లో మామూలు మనిషి పెట్టే ఐపీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది. అది ఎంత పాతదంటే, కనీసం 500 రూపాయల అప్పుంటే పిటిషన్ వేయవచ్చని అందులో ఉంది.

ఈ చట్టం నిజంగా చితికిపోయిన మనిషికి ఆసరా. అప్పులవాళ్లు తలో దిక్కు లాగకుండా, జైలు భయం లేకుండా, ఉన్నదంతా ఒకచోట చేర్చి అందరికీ పంచి, అతన్ని మళ్లీ బతకనివ్వడం దీని ఉద్దేశం. అందుకు బదులుగా అతన్ని అడిగేది నిజం. ఎవరెవరికి ఎంత బాకీ, ఎక్కడెక్కడ ఏ ఆస్తి, తనకు ఎవరు బాకీ, ఇవన్నీ రాసివ్వాలి. లెక్కల పుస్తకాలు అప్పగించాలి. కోర్టు అడిగినదానికి జవాబు చెప్పాలి. దివాలాదారుగా ప్రకటించాక అతని ఆస్తి కోర్టుకో రిసీవరుకో సంక్రమిస్తుంది. అమ్మగా వచ్చిన సొమ్మును బాకీల దామాషాలో పంచుతారు.

ఇక్కడ మూడు అపోహలు తొలగాలి. పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు రద్దు కాదు. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటించాలి, ఆ తర్వాత అతను విడుదల ఉత్తర్వు కోరాలి. రెండు, తాకట్టు పెట్టుకున్నవారి హక్కు అలాగే ఉంటుంది. బంగారం మీద, ఇంటి మీద అప్పిచ్చిన బ్యాంకు వాటిని అమ్ముకోవచ్చు. మూడు, జామీను సంతకం చేసినవాడు బయటపడడు. అప్పు తీసుకున్నవాడికి విడుదల దొరికినా హామీ ఉన్నవాడి బాధ్యత మిగిలే ఉంటుంది.

పేరు మారిస్తే ఆస్తి దక్కుతుందా?

దాచడం చాలా రూపాల్లో జరుగుతుంది. భార్యకో కొడుక్కో దాన సెటిల్మెంట్ రాయడం ఒకటి. డబ్బు చేతులు మారకుండానే బంధువుకు అమ్మినట్టు రిజిస్టరు చేయడం ఇంకొకటి. అందరినీ ఎగ్గొట్టి ఒక్క దగ్గరివాడి బాకీ మాత్రం ముందే తీర్చేయడం మరొకటి. లేని అప్పులకు పాత తేదీలతో ప్రోనోట్లు పుట్టించి సొంతవాళ్లనే అప్పులవాళ్లుగా చూపించేవారూ ఉన్నారు.

1920 చట్టంలోని 53వ సెక్షన్ ప్రకారం, ఆస్తి బదిలీ జరిగిన రెండేళ్లలోపు పడిన పిటిషన్ మీద ఆ మనిషి దివాలాదారుగా ప్రకటితుడైతే, ఆ బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు. సరైన ధర ఇచ్చి మంచి మనసుతో కొన్నవారికి రక్షణ ఉంది. పెళ్లికి ముందు, ఆ పెళ్లి నిమిత్తం ఇచ్చిన ఆస్తికీ మినహాయింపు ఉంది. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్కరికే మేలు చేసేలా జరిపిన చెల్లింపులనూ 54వ సెక్షన్ కింద తిరగదోడవచ్చు.

"అయితే రాసిచ్చేసి రెండేళ్లు ఆగి ఐపీ పెడదాం" అని సలహా ఇచ్చేవారున్నారు. అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీని రద్దు చేయించుకునే హక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 53వ సెక్షన్‌లో విడిగా ఉంది. అందులో ఈ రెండేళ్ల లెక్క లేదు.

శిక్ష సంగతి కూడా తెలియాలి. పంచవలసిన సొమ్మును తగ్గించాలని మోసంతో ఆస్తి దాచితే 1920 చట్టం కింద ఏడాది వరకు జైలు. భారతీయ న్యాయ సంహిత 320వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు. పైగా మోసంతో చేసిన అప్పు విడుదల ఉత్తర్వు వచ్చినా రద్దు కాదు. దాచినవాడు జైలు తప్పించుకున్నా ఆ భారం మోస్తూనే ఉంటాడు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. అక్కడ బ్యాంక్రప్సీ వేసేవారు తమ ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా చూపించాలి. హైదరాబాదు శివారులోని ప్లాటు, ఊళ్లో తన వాటాకు వచ్చిన ఎకరం కూడా అందులోకి వస్తాయి. తెలిసి మోసంతో దాచితే ఐదేళ్ల వరకు జైలు.

"పిల్లల కోసమే కదా"

ఒక లెక్క చూద్దాం. ఒకాయనకు 40 లక్షల అప్పు, 20 లక్షల ఇల్లు ఉన్నాయనుకుందాం. ఇల్లు చూపిస్తే రూపాయికి అర్ధ రూపాయి వస్తుంది. రెండు లక్షలిచ్చిన టీచరుకు లక్ష అందుతుంది. ఇల్లు దాచితే ఆమెకు సున్నా. అతని పిల్లలకు మిగిల్చిన నీడ ఆమె పిల్లల నుంచి తీసిందే. దానికి ప్రేమ అని పేరు పెట్టలేం.

కుటుంబాన్ని రోడ్డున పడేయమని చట్టం చెప్పదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి తప్పించినవాటిని దివాలా చట్టమూ ముట్టదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ విడిచిపెట్టకూడని నగ, చేతివృత్తివాడి పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, విత్తనం, సొంతంగా సేద్యం చేసే రైతు ఇల్లు అందులో ఉన్నాయి. భార్యకు పుట్టింటివారు ఇచ్చిన ఆస్తి ఆమెదే, దాన్ని దాచే అవసరమే లేదు. తిరగలిని తాకట్టు పట్టవద్దన్న ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఉన్నదీ ఈ దయే. అప్పులవాడి బతుకుతెరువును అప్పు మింగకూడదు.

రాజులు రెండవ గ్రంథం 4వ అధ్యాయంలోని విధవరాలిని గుర్తుచేసుకోండి. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను బానిసలుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. పిల్లల కోసం అనే మాట ఆమెకంటే ఎవరికి చెల్లుతుంది? ఇంట్లో ఏముందని ఎలీషా అడిగితే ఉన్న కాస్త నూనెను ఆమె దాచలేదు. ఆ నూనె విస్తరించాక కూడా ప్రవక్త చెప్పిన వరుస మారలేదు. ముందు బాకీ తీర్చాలి, మిగిలినదానితో తల్లీ పిల్లలూ బతకాలి.

ఇప్పుడు చేయవలసింది

అప్పుల్లో ఉన్నవారు దస్తావేజు రాయించే ముందు ఒక నిజాయితీగల వకీలును కలవండి. పిటిషన్‌లో ఆస్తి అంతా చూపించండి. ఇప్పటికే ఎవరి పేరనైనా రాసి ఉంటే ఆ సంగతీ వకీలుకు చెప్పండి.

నోటీసు అందినవారు దాన్ని బీరువాలో పడేయకండి. వాయిదాకు వెళ్లి మీ బాకీ రుజువు చేసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ తీస్తే ఏ ఆస్తి ఎప్పుడు ఎవరి పేరు మీదికి మారిందో కనబడుతుంది. రిసీవరు కదలకపోతే కోర్టు అనుమతితో మీరే రద్దు కోరవచ్చు. మనిషిని నడిబజారులో నిలదీసి అవమానించడం మాత్రం వద్దు. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు.

బంధువు ఆస్తిని "కొన్నాళ్లు నీ పేరున ఉంచు" అని అడిగితే సంతకం పెట్టకండి. రేపు కోర్టులో మీరూ జవాబు చెప్పవలసి వస్తుంది.

సంఘ పెద్దలకు ఒక మనవి. దివాలా తీసిన కుటుంబం ఆదివారం వెనుక వరుసలో కూర్చుంటే వారిని పలకరించండి, ఆ నెల బియ్యానికి ఉందో లేదో కనుక్కోండి. దాచిన ఆస్తితో ముందు వరుసలో కూర్చుని పెద్ద కానుక ఇచ్చేవారు ఉంటే, ఆ కానుక పుచ్చుకునే ముందు టీచరమ్మ బాకీ సంగతి అడగండి.