నీరు విడిచిన ఒడ్డున కోట

విద్యార్థులారా! వాన్ మెట్రోపాలిటన్ సెంటర్‌లో రైలెక్కి డ్యూపాంట్ స్టేషనులో దిగినచో కాసా లోమా కోట సమీపముననే కలదు. మన విహారయాత్రలో మొదట చూచునది అదియే.

కోటలోని 98 గదులకంటె ముందు అది నిలిచిన గుట్టను గమనింపుడు. ప్రక్కనున్న 110 మెట్లు ఎక్కునపుడు మీరు ఎక్కునది ఒక ప్రాచీన సరస్సు ఒడ్డు! సుమారు 13,000 ఏండ్ల క్రిందట గొప్ప మంచురాశి యొకటి సెయింట్ లారెన్స్ నది త్రోవకు ఆనకట్టవలె అడ్డుపడినది. పారుటకు దారిలేక నీరు ఈ గుట్ట వరకు నిలిచినది. మంచు కరగగా నీరు దిగిపోయినది. నేటి ఒంటారియో సరస్సు అచ్చటికి నాలుగు కిలోమీటర్లకు పైగా దూరము.

విద్యుత్తు వ్యాపారమున ధనికుడైన హెన్రీ పెల్లట్ 1911లో ఈ కోటను కట్ట నారంభించెను. అప్పులు, పన్నులు పెరుగగా 1924 నాటికే దానిని విడువవలసివచ్చెను.

అదే రైలులో క్వీన్ స్టేషనుకు పోయి సెయింట్ మైకేల్ కథీడ్రల్ చూతము. కథీడ్రల్ అనగా బిషప్ పీఠమున్న చర్చి. 1847లో కరవునకు తాళలేక ఐర్లండు విడిచిన 38,000 మందికి పైగా టొరంటో రేవున దిగిరి. ఊరి జనాభా అప్పుడు సుమారు 20,000 మాత్రమే. వారితో టైఫస్ జ్వరమును వచ్చినది. రోగులను పరామర్శించిన బిషప్ మైకేల్ పవర్ ఆ జ్వరముతోనే మరణించెను. తాను కట్టించుచున్న చర్చి 1848లో పూర్తియగుట ఆయన చూడలేదు. ఆయన సమాధి దాని అడుగుననే ఉన్నది. ఓడలెక్కి తోటపనికి పోయిన కూలీల వంశమువారమగుటచే కాబోలు, నాకు కోటకంటె ఇచ్చటనే ఎక్కువసేపు నిలువవలెననిపించును.

మెట్లు చాల గనుక గట్టి బూట్లు తొడుగుకొని రండు.